మొదటి బోర్డుకు పెట్టిన బొట్టు

తెనాలిలో నా షాపుకి ఒక అలవాటు ఉండేది. ఏ రకం సర్క్యూట్ బోర్డు తయారు చేసినా మొదటిదానికి కుంకుమ బొట్టు పెట్టేవాణ్ణి. ఆ బోర్డు బయటివాళ్లకు ఇచ్చేవాణ్ణి కాదు, మనవాళ్లకే. ఇప్పుడు కుంకుమ భరిణె కనిపిస్తే చాలు, నా ఉంగరం వేలు దానంతటదే ముడుచుకుంటుంది.

అక్కా బావా రేపల్లె అవతల ఎకరం చెరువులో రొయ్యలు వేశారు. నీళ్లను చిలికే ఏరేటర్లు తిరుగుతున్నంతసేపే రొయ్యకు ఊపిరి. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేయాలి. ఆలస్యమైతే చెరువంతా పోయినట్టే. అందుకని మూడు నెలలుగా ఇద్దరూ కలిసి గట్టు దిగింది లేదు. ఒకరు తింటుంటే ఒకరు కాపలా. వాళ్ల అవస్థ చూడలేకే నేనో అలారం బోర్డు గీశాను. కరెంటు పోతే బ్యాటరీ మీద హారన్ మోగుతుంది, అక్క ఫోనుకి కాల్ వెళ్తుంది.

గీసేటప్పుడు నాకు పొగరు. అంతా చిన్న డబ్బాలో పట్టించి చూపించాలని. బోర్డు మీద కరెంటు పారే రాగి గీతల్ని ట్రాకులంటాం. బ్యాటరీ నుంచి వచ్చే ట్రాకునీ, కరెంటు ఉందో లేదో కనిపెట్టే ట్రాకునీ పక్కపక్కనే, వెంట్రుక మందం సందుతో నడిపించాను. షాపులో సోల్డరింగ్ చేసే ఆవిడ చూసి, "ఈ రెండిటి మధ్యా మరీ ఇరుకుగా ఉందేమో సార్, అటు ఉప్పుగాలి కదండి" అంది.

"పైన వార్నిష్ వేస్తాంగా, నీకెందుకమ్మా" అని కసురుకున్నాను. నా మొహం. బోర్డు పరీక్షించాను, భేషుగ్గా మోగింది. తరువాత వేలు నీళ్లలో ముంచి, కుంకుమ అద్ది, అక్కడైతే పార్టులేమీ అడ్డం లేవని సరిగ్గా ఆ రెండు ట్రాకుల మీదే బొట్టు పెట్టాను. దాని మీద వార్నిష్ కొట్టించాను. మళ్లీ పరీక్షించలేదు. బొట్టు పెట్టిన బోర్డును మళ్లీ పరీక్షించడమేంటి అనిపించింది, నిజం చెప్తున్నాను.

నెల తరువాత బాపట్లలో మా పిన్ని కూతురి పెళ్లి, పగటి ముహూర్తం. అక్క రానంది. "బోర్డు ఉండగా భయమేంటి? ఇద్దరూ రాకపోతే నా మీద ఒట్టే" అని నేనే పట్టుబట్టాను. పక్క చెరువాయనకు జనరేటర్ తాళం అప్పజెప్పి, హారన్ మోగితే వేయమని చెప్పి వచ్చారు.

ఆ రోజు ఒకటే మబ్బు, ఎండ లేకపోతే చెరువు నీళ్లలో ప్రాణవాయువు ఇంకా తగ్గిపోతుంది. భోజనాల దగ్గర అక్క ఫోను ఒళ్లో పెట్టుకుని తింది. మోగలేదు. మోగకపోయేసరికి ముఖం తేటపడి, మారు వడ్డించమంది. "ఎన్నాళ్లయిందిరా ఇలా కూర్చుని తిని" అంది. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ మాట ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

నా కారులోనే వాళ్లను తిరిగి తీసుకెళ్లాను. కర్లపాలెం దాటాక కూడా అక్క పెళ్లికూతురి చీర గురించే చెబుతోంది. గట్టు దగ్గర దిగితే ఏరేటర్ల చప్పుడు లేదు. పక్క చెరువువి తిరుగుతున్నాయి. మావాళ్ల ట్రాన్స్‌ఫార్మర్ మీదే ఫ్యూజు పోయిందట. చచ్చిన రొయ్యలు ఒడ్డు వెంట తెల్లగా పేరుకున్నాయి. పక్కాయన పరిగెత్తుకొచ్చి, "హారన్ మోగలేదండి, నా చెవులు ఇటే ఉన్నాయండి" అన్నాడు ఏడుపు గొంతుతో. బావ నీళ్లలోకి దిగి, దోసిలితో ఎత్తి చూసి వదిలేశాడు. అక్క పెళ్లి చీర కొంగు నడుముకు దోపుకుని, ఒడ్డున పడ్డవాటిని బుట్టలోకి ఎత్తడం మొదలుపెట్టింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఆ బోర్డు షాపుకి తెచ్చి చూశాను. వార్నిష్ కింద బొట్టు తడిగా, నల్లబడి ఉంది. ఆ తడి గుండా బ్యాటరీ కరెంటు పక్క ట్రాకులోకి పాకి, లైను పోయినా ఉన్నట్టే నమ్మించింది. సోల్డరింగ్ ఆవిడ భూతద్దంలో చూసి, నా వైపు చూడకుండా వెళ్లి టీ తెచ్చింది. కుంకుమ తప్పేం లేదు. సందు వదలకుండా గీసింది నేను, తడి వేలు నాది, రెండోసారి పరీక్షించని బద్ధకమూ నాదే.

వాళ్లు మళ్లీ రొయ్య పిల్లలు వేసేసరికి కొత్త బోర్డు గీసి, సందు వెడల్పు చేశాను. ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డతో పాటు డబ్బాలో రెండు రోజులు మూసి ఉంచి, వార్నిష్ తరువాత కూడా పరీక్షించి బిగించాను. అది ఒక్కసారీ తప్పలేదు. అయినా ఆనాడు మోగని హారన్ నా చెవిలో మోగుతూనే ఉంది. తెనాలి స్టేషన్లో రైలు కూసినా, ఇంట్లో మిక్సీ తిరిగినా ఉలిక్కిపడతాను.

ఈమధ్య మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి అక్కకు పట్టుచీర పంపాను. బావ ఒక్కడే వచ్చాడు.

"అక్క ఏది బావా? బోర్డు పనిచేయడం లేదా?"

"బ్రహ్మాండంగా పనిచేస్తుందయ్యా. మీ అక్కే..." అని ఆపేసి, చేయి కడుక్కోవడానికి వెళ్లాడు.

భోజనాలు ముగియకముందే క్యారేజీ కట్టించుకుని భట్టిప్రోలు మీదుగా బయల్దేరాను. అక్క ఎండలో గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఏరేటర్లనే చూస్తూ కూర్చుని ఉంది. నేను పంపిన పట్టుచీర కట్టుకుంది. తలలో పూలు కూడా పెట్టుకుంది.

"కట్టుకున్నాన్రా, చూడు. బాగుందా?" అంది.

బాగుందన్నాను. క్యారేజీ విప్పి చేతికిచ్చి, ఆమె తిన్నంతసేపూ చెరువు నేను చూశాను.