బావ గుర్తుపట్టిన రాయి

మొన్న జొన్నలు పట్టించడానికి గిర్నికి వెళ్తే కరెంటు పోయింది. సంచీ పక్కన పెట్టుకుని బల్ల మీద కూర్చున్న ఆ అరగంటలో మా అక్క భర్త, మా బావ, జ్ఞాపకం వచ్చి మనసు బరువెక్కింది. దుబాయ్ బతుకు బతికి వచ్చిన నా ఈడువాళ్ళకు ఈ ముచ్చట చెప్పుకుంటే కొంత తేలికపడతానేమోనని రాస్తున్నాను.

రెండువేల తొమ్మిది మాంద్యంలో కట్టడాలు ఎక్కడివక్కడ ఆగిపోయి, అజ్మాన్ క్యాంపులో మేమందరం ఎప్పుడు ఇంటికి పంపేస్తారోనని బిక్కుబిక్కుమంటున్న రోజుల్లో, మా కంపెనీ నన్నూ బావనూ కలిపి పదిహేను మందిని తూర్పు కొండల దగ్గరి ఒక తవ్వకానికి పంపింది. అక్కడ కొత్త రోడ్డు పడబోతున్నదనీ, ఆలోగా పాతకాలపు ఆనవాళ్ళుంటే తవ్వి చూడడానికి ఒక విదేశీ మేడమ్ వచ్చిందనీ వ్యాన్‌లో తెలిసింది. జాక్‌హామర్ పట్టిన చేతులకు చిన్న తాపీ, బ్రష్షు ఇచ్చి మట్టిని పొరలు పొరలుగా గీకమంటే మొదట నవ్వొచ్చింది గాని, నాలుగు రోజుల్లో ఆ నెమ్మది మా ఒంటికి పట్టింది.

మూడో వారంలో, కొండల నుంచి నీళ్ళు తెచ్చిన పాత కాలువ పక్కన రాతికట్టుతో గుండ్రటి గుంత బయటపడింది. అందరూ బావి అన్నారు, మేడమ్ కూడా అలాగే రాసుకుంది. రెండు రోజుల్లో పూడ్చేయాలన్నారు. మా బావ మాత్రం, పారేసిన రాళ్ళ కుప్పలోంచి ఒక ముక్కను ఏరి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడుముతూ కూర్చున్నాడు. వాళ్ళ నాయన, తాత తిరగళ్ళు చెక్కినవాళ్ళు. దుబాయ్ రాకముందు బావ కూడా ఊరూరా తిరిగి అరిగిన రాళ్ళకు గాట్లు కొట్టేవాడు.

“బామ్మర్దీ, ఇది ఇసుర్రాయి ముక్క. చేత్తోని తిప్పేదానికి ఇంత మందం ఉండది. ఆ గుంత అడుగున తూము సూసినవా? బావికి తూమెందుకుంటది? నీళ్ళు మీదినుంచి దుంకి కింద చక్రం తిప్పినయి. పక్కకు తవ్వాలె.”

నేను ఫోర్‌మన్‌కు హిందీలో చెప్పాను. అతను “పత్థర్ హై, ఫేంక్ దో. కల్ ఖలాస్”, రాయే కదా పారెయ్, రేపటితో ఇక్కడి పని సరి, అని తన దారిన పోయాడు. ఎదురు మాట్లాడినవాణ్ణి విమానం ఎక్కించే రోజులవి. ఊరుకోమని నేను బావ చెయ్యి పట్టుకుంటే, విడిపించుకుని నేరుగా మేడమ్ టెంటులోకి నడిచాడు. భాష రాదు కనుక, ముక్కను నేలమీద పెట్టి, మిగతా రాయిని వేలితో గీసి, నీరు దూకడమూ రాయి తిరగడమూ చేతులతోనే చూపించాడు. ఆమె కాసేపు ఆ గీతనే చూసి, లేచి బావ వెంట గుంతలోకి దిగింది.

రోడ్డువాళ్ళను బతిమాలి పది రోజుల గడువు తెచ్చింది. తూముకు దిగువన తవ్వితే చిన్న గది, అందులో బోర్లా పడిన నిండు రాయి. వెయ్యేళ్ళ నాటి నీటిమర అని మేడమ్ చెప్పింది. బావ రాతి మీది గాట్లు తుడిచి, “రెండుసార్లు మల్ల కొట్టిండ్రు. శానమంది కడుపులు నింపింది” అని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

కొలతలు తీసుకుని, రాయిని మ్యూజియానికి తరలించాక గుంతను ఇసుకతో నింపారు. నెల తిరక్కుండానే కంపెనీ ఇంటికి పంపినవాళ్ళలో బావ ఉన్నాడు. ఫోర్‌మన్ మాట వల్లనో, పనులు లేకనో, ఈనాటికీ నాకు తెలియదు. మేడమ్ చెప్పి చూసినా మా వీసాలకు పూచీ ఉన్న కఫీల్ ఒప్పుకోలేదట. మిక్సీల కాలంలో ఉలిని పిలిచేదెవరు? ఊళ్ళో ఒక కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరి, నాలుగేళ్ళకు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు.

ఆ మరుసటేడు, ఇంకా అజ్మాన్‌లోనే ఉన్న నేను, ఒక శుక్రవారం సెలవునాడు బస్సెక్కి ఆ మ్యూజియానికి వెళ్ళి, అద్దాల వెనక ఆ రాయిని చూశాను. ఎక్కడ దొరికిందో, ఎంత పాతదో పలక మీద రాశారు. ఫొటో తీసి పంపితే అక్క, “మీ బావ చెయ్యి పెట్టిన రాయేనారా ఇది?” అని మాత్రం అడిగింది.

నేసినవాడు, కుండ చేసినవాడు, రాయి చెక్కినవాడు, అందరమూ వీసా కాగితం మీద లేబర్ అన్న ఒక్క మాటలో కలిసిపోయిన తరం మాది. ఇప్పుడు మా వాడ పిల్లలు అక్కడి ఏసీ గోదాముల్లో పనులకు పోతున్నారు, రోజూ వీడియోలో నవ్వుతూ కనిపిస్తున్నారు, సంతోషమే. కాని వాళ్ళను సాగనంపేటప్పుడు చూస్తుంటాను, అక్కడికి పోయి మరచిపోవడానికి కూడా వాళ్ళ చేతుల్లో తాతలు నేర్పిన ఏ పనీ లేదు.