నేను దొంగిలించిన పడవ

పదకొండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. పైకి ఎవరికీ కనపడదు. పైగా దానికి శాలువా కప్పారు, చప్పట్లు కూడా కొట్టారు. ఇవాళ మీకు చెప్పేస్తాను. మీరు నన్నెరగరు, నాకదే ధైర్యం.

నేను రాజమండ్రిలో సైన్సు టీచర్ని. తీరిక దొరికితే కథలు రాస్తాను. భూమికి దూరంగా, గిర్రున తిరిగే ఒక చక్రంలాంటి ఇంట్లో ఇరవై మంది ఎలా కాపురం చేస్తారన్నదే నా కథల సంగతి. మొదట్లో అన్నీ తిరిగొచ్చేవి. యంత్రాలు బాగున్నాయి, మనుషులేరండీ అని ఒక సంపాదకుడు రాశాడు. ఉడుక్కున్నాను. కాని నిజమే కదా? మీటలు, గొట్టాలు తప్ప నా కథల్లో ఒక్క మనిషీ తుమ్మిన పాపాన పోలేదు.

గోదావరి రేవులో నూకాలు దగ్గర నేను చేపలు కొంటాను. ఆవిడకి పడవే ఇల్లు. మొగుడు, అత్తగారు, ముగ్గురు పిల్లలు, వంట, నిద్ర, అన్నీ అందులోనే. చేప తోముతూ కబుర్లు చెబుతుంది. చెయ్యీ ఊరుకోదు, నోరూ ఊరుకోదు. పాకే పిల్ల నడుముకి పాత చీర పేలిక కట్టి, రెండో కొస గుంజకి ముడేస్తారట. మొగుడూ పెళ్లాం గుట్టుగా ఏదైనా మాట్లాడుకోవాలంటే మిగతావాళ్లు మొహాలు ఏటివైపు తిప్పేస్తారట. అంతే, తలుపేసినట్టే. ఇక గొడవొస్తే ఆయన ఆ పక్క, ఈవిడ ఈ పక్క. ఇద్దరూ ఒకే పక్కకి చేరి కొట్లాడుకుంటే పడవ ఒరిగిపోతుంది మరి!

నేను ఇంటికెళ్లి, చేపల సంచి దింపకుండానే రాసేసుకునేదాన్ని.

ఆ గొడవ సంగతి నా చక్రానికి ఎంత చక్కగా అతికిందో! తిరిగే చక్రంలో బరువంతా ఒక పక్కకి చేరితే అది వణుకుతుంది. అందుకని అలిగిన దంపతులు చక్రానికి ఎదురెదురు పక్కల కూర్చోవాలని నా కథలో రూలు పెట్టాను. ఆ ఇంట్లో ఎక్కడైనా మనిషి బరువు భూమి మీదకన్నా తక్కువ, ఒక్క గెంతు గెంతితే పిల్లలు ఎక్కడికో పోతారు, కనుక వాళ్ల నడుముకి పట్టీ కట్టాను. మొహం గోడకి తిప్పితే తలుపేసినట్టే అన్నాను. లెక్కలు నావి. కాపురం నూకాలుది. కథ అచ్చయింది, జనం పడి పడి నవ్వారు. రాస్తున్నంతసేపూ నేను ఎంత సంతోషంగా ఉన్నానో మీకు చెప్పలేను. ఆ సంతోషమైనా నా సొంతమేనా? ఏమో.

ఆ కథకి నాకు చేసిన సన్మానంలో ఒక పెద్దాయన, ఇవన్నీ ఎలా తట్టాయమ్మా అని అడిగారు. ఊహ అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు పొద్దున్నే, గొప్ప ఆపుకోలేక, పత్రిక పట్టుకుని రేవుకి వెళ్లాను. నూకాలుకి చదువు రాదు. పడవ అంచున కూర్చుని నేనే చదివి వినిపించాను. ఆవిడ నవ్వి నవ్వి కత్తి కింద పెట్టేసి, కళ్లు తుడుచుకుంది.

"అమ్మ బాబోయ్! అచ్చం మా ఇంట్లోలాగే ఉందండి టీచరుగారూ. ఆకాశంలో కూడా ఇంతేనేంటండీ? ఇయ్యన్నీ మీకెవరు చెప్పారండి?"

నువ్వే అంటే సరిపోయేది. ఎంతసేపు పడుతుంది?

"ఎవరూ చెప్పలేదు నూకాలూ. నేనే ఊహించాను."

"ఎంత బుర్రండీ మీది! ఏటి మీద పుట్టినోళ్లకి కూడా ఇంత తెలవదండి," అంటూ రెండు చేపలు కొసరు వేసింది.

ఆ పూట పులుసు గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది. కాని అదింకో అబద్ధం అవుతుంది. లొట్టలేసుకుంటూ తిన్నాను.

ఎందుకు దాచాను? చేపలమ్మే ఆవిడ చెప్పిందంటే సైన్సు కథకి పరువుండదని భయపడ్డానా? చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. అది కాదు. ఎంత బుర్రో అని అందరూ అనాలి, చివరికి ఆవిడ కూడా అనాలి, నాకు కావలసింది అదే. ఆవిడ ఇల్లు ఆవిడకే చూపించి, నేనే కట్టానని చెప్పి, మెప్పు పుచ్చుకున్నాను. నాలాంటి దొంగని మీరెక్కడైనా చూశారా?

ఇప్పుడా కథలు పుస్తకంగా వస్తున్నాయి. అట్ట నమూనా పంపారు. నా పేరొక్కటే ఉంది. దానికింద, నూకాలు చెప్పిన సంగతులతో అని రాసి తిప్పి పంపాను. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత తట్టింది, ఆవిడకి చదువు రాదు కదా! ఎంత పెద్ద అక్షరాలతో వేయించినా ఏం లాభం? నేనే వెళ్లి, ఆవిడ మొహంలోకి చూస్తూ, నోటితో చెప్పాలి. నవ్వుతుందో, నాలుగు తిట్టి పంపేస్తుందో, ఇక నాతో కబుర్లే చెప్పదో తెలీదు. ఏం చేసినా అది ఆవిడ ఇష్టం.

మీకు చెప్పాక మాత్రం ప్రాణం తేలికపడింది. నిజంగా, గట్టిగా పాడాలనిపిస్తోంది. కాని చూడండి, మీకు తెలిసిపోయింది, ఆవిడకింకా తెలీదు. ఇది ఎక్కువసేపు ఉండకూడదు. చెప్పులేసుకుంటున్నాను.