ఓడలో చివరి విందు కార్డు

తొంభైల్లో నేను బెంగళూరులో బ్యాంకు గుమాస్తాని. ఆదివారాలు పాత కాగితాల దుకాణాల్లో కూర్చుని పెద్ద ప్రయాణికుల ఓడల కరపత్రాలు, పెట్టెలకు అంటించే లేబుళ్లు, భోజనశాల మెనూ కార్డులు ఏరుకునేవాణ్ణి. ఓడ ఎక్కిన మొహం కాదు నాది.

మా వీధిలో రిటైరైన నర్సమ్మ ఒకావిడ ఉండేవారు. మా ఆవిడకు బీపీ చూడటానికి వచ్చినప్పుడు గోడమీది లేబుళ్లు చూసి ఆగిపోయారు. వయసులో ఉండగా నర్సింగు చదవడానికి బొంబాయిలో ఓడెక్కి ఇంగ్లండు వెళ్లారట. మర్నాడు ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చారు. అందులో తొమ్మిది మెనూలు. ఓడ దిగే ముందు రాత్రి ఇచ్చిన చివరి విందు కార్డు వెనక, ఆవిడతో ప్రయాణం చేసిన ఐదుగురి సంతకాలున్నాయి.

"ఈ మూడోది నాతో చదవను వచ్చిన పిల్లది. ఆ దేశం చలికే చచ్చిపోయింది. దాని చేతిరాత ఇదొకటే ఉండాది. నా తర్వాత ఈ కాగితాల్ని చూసేవాళ్లు లేరప్పా, నువ్వు పెట్టుకో."

కొన్నేళ్లకు, నాలాగే ఈ పిచ్చి ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు పరిచయమయ్యాడు. స్కాన్ చేసి ఇస్తానంటే డబ్బా ఇచ్చాను. నెలలు గడిచాయి. ఒక హోటల్లో ప్రదర్శన పెట్టి నన్ను పిలిచాడు. గొప్పగా ఉంటుందని నర్సమ్మను కూడా ఆటోలో తీసుకెళ్లాను.

అద్దం కింద ఆ కార్డు ఉంది. పక్కన ఇంగ్లీషులో, 'మా నాయనమ్మ సముద్రయానం' అని రాసి ఉంది. ఆవిడ రెండుసార్లు చదివారు.

"ఈయప్ప నా మనవడా?" అని మెల్లగా అడిగారు.

అతన్ని పక్కకు పిలిచి ఇదేమిటని అడిగాను.

"ఫ్యామిలీ స్టోరీ లేకపోతే ఈ పేపర్స్ ఎవరు చూస్తారు సార్?"

"సరే, అయిపోయాక డబ్బా ఇచ్చెయ్యండి."

"ఇలాంటివి కొనే ఫారిన్ కలెక్టర్ ఒకాయనకి అమ్ముతానని ఆల్రెడీ కమిటయ్యాను సార్. మీరే కదా ఇచ్చారు."

అందరి ముందూ నిలదీయాల్సింది. గుమ్మం దగ్గర బోర్డు మీద, కృతజ్ఞతల కింద, నా పేరు ఉంది. ఆ పేరు కోసం నోరు మూసుకున్నాను. డబ్బా మళ్లీ నా చేతికి రాలేదు.

తిరిగొస్తూ ఆవిడ ఒక్క మాటే అన్నారు. "నేను ఇచ్చింది నీకప్పా." మళ్లీ మా ఇంటికి రాలేదు. మా ఆవిడే బీపీ చూపించుకోవడానికి ఆవిడ ఇంటికి వెళ్లేది. నేను గుమ్మం దాకా కూడా వెళ్లలేదు.

రెండేళ్లకు ఆవిడ పోయారు. చర్చిలో చివరి బెంచీలో కూర్చున్న నన్ను ఆవిడ మేనకోడలు గుర్తుపట్టి దగ్గరికొచ్చింది.

"అత్త ఓడ కాగితాలు మీ దగ్గర భద్రంగా ఉండాయంట కదన్నా. పోయేదాకా చెప్తానే ఉండింది."

"ఉన్నాయమ్మా," అన్నాను.