గొర్రె కన్ను మీద అరచేయి

బాపు రెండోసారి కూడా స్కానింగ్ మిషన్‌లోంచి బయటికి వచ్చేశాడు. "గీ గూట్ల నేను పండ బిడ్డా. ఊపిరాడ్త లేదు," అంటూ బల్ల మీద లేచి కూర్చున్నాడు. అప్పటికే కుడికాలు సగం స్పర్శ తప్పింది. నడుములో నరం ఎక్కడ నొక్కుకుందో స్కానింగ్‌లో చూడనిదే ఆపరేషన్ చేయనని, ఆలస్యమైతే కాలు పనికిరాకుండా పోతుందని డాక్టర్ తెగేసి చెప్పాడు. మక్తల్ దగ్గరున్న మా ఊరు ఇప్పుడు నారాయణపేట జిల్లాలోకి పోయినా, నేను ఉద్యోగం చేసేది మహబూబ్‌నగర్‌లోనే కాబట్టి ఇక్కడికే తీసుకొచ్చాను. ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోవాలి, అంతే. బతుకంతా గొర్రెల వెంట నడిచిన మనిషికి అదొక్కటీ చేతకావడం లేదు. "ఇంకొక్కసారి చూద్దాం మేడం. కాకుంటే వచ్చే వారం రాండ్రి," అన్నాడు స్కానింగ్ తీసే ఆయన.

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద కోపమో తెలియదు. వరండాలో అటూ ఇటూ తిరిగాను. తమాషా ఏమిటంటే, ఆ వారమే నేను డిగ్రీ పిల్లలకు సైకాలజీలో చెప్పిన పాఠం హిప్నాటిజం చరిత్ర. మనిషిని కదలకుండా నిలపడం గురించి ఎవరెవరు ఏమేం అన్నారో నా నోట్సు నిండా ఉంది.

మొదట వియన్నాలో ఒక వైద్యుడు, ఒంట్లో కనబడని ద్రవమేదో పారుతుందని, దానికి అడ్డం పడితే రోగమని అన్నాడు. అయస్కాంతాలతో నిమిరేవాడు, తర్వాత ఉత్త చేతులే చాలన్నాడు. దానికి జంతు అయస్కాంత శక్తి అని పేరు. పారిస్ పండితులు పరీక్ష చేసి ద్రవం లేదు, గివం లేదు, అంతా ఊహేనని కొట్టేశారు. ఆ తర్వాత స్కాట్లండ్ వైద్యుడొకాయన ఇది ఒక రకం నిద్ర అనుకుని గ్రీకుల నిద్ర దేవుడి పేరు మీద హిప్నాటిజం అని పెట్టాడు. తీరా అది నిద్ర కాదనిపించి, మనసు ఒకే తలపు మీద నిలవడమని పేరు మార్చబోతే, అప్పటికే పాత పేరు జనం నోళ్లలో పడిపోయింది. ఫ్రాన్సులో కొందరు జబ్బన్నారు, కొందరు మాట ప్రభావమన్నారు. మనసు పాయలుగా చీలుతుందని ఒకరంటే, కాదు, మనిషి తనకు అప్పజెప్పిన పాత్రను నమ్మి చేస్తాడని ఇంకొకరు. "ఇంతకీ నిజమేంది మేడం?" అని వెనక బెంచీ అమ్మాయి అడిగితే, గంట కొట్టారని తప్పించుకున్నాను.

బాపును బయటికి తెచ్చి వరండా బెంచీ మీద పడుకోబెట్టి, ఆ విద్యంతా చూపించాను. "బాపూ, గా లైటు దిక్కే చూడు. కండ్లు బరువైతున్నయి..."

"నాకేం బరువైత లేవు. గిట్ల పండవెట్టి నా బొచ్చు కత్తిరిస్తరా ఏంది?" అని విసుక్కున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. బొచ్చు కత్తిరించేటప్పుడు బాపు గొర్రెను పక్కకు పడేసి, అరచేత్తో దాని కన్ను మూసేవాడు. వెనక కాలు పట్టుకోవడం నా పని. నాలుగు తన్నులు తన్ని గొర్రె సద్దుమణిగేది, కత్తెర ఆడుతున్నా కదిలేది కాదు. నేను చిన్నప్పటి నుంచీ ఒక్క చోట నిలిచే రకాన్ని కాను, మాటిమాటికీ చేతులు మార్చేదాన్ని. "పట్టు మార్చకు బిడ్డా, అది లేస్తది," అని తిట్టేవాడు.

గాజులు, కమ్మలు, ఫోను బయట పెట్టి లోపలికి వెళ్లాను. ఒంట్లో అయస్కాంతం ఉందో లేదో గానీ, ఆ గదిలో మాత్రం నిజంగానే ఉంది. మళ్లీ బల్ల మీద పడుకున్న బాపు కళ్ల మీద తువ్వాల కప్పి, స్పర్శ ఉన్న ఎడమకాలు మడమ దగ్గర పట్టుకున్నాను. మిషన్ దడదడ మొదలైంది. కాలు రెండుసార్లు గుంజుకుంది, ఆగిపోయింది. నాకు ముక్కు దురద, కాళ్లకు తిమ్మిర్లు. పట్టు మాత్రం మార్చలేదు.

స్కానింగ్ అయిపోయింది. నాకు సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. కానీ వరండాలోకి వచ్చామో లేదో నాకు మళ్లీ కాలు నిలవలేదు. నోట్సులో నేను పిల్లలకు చెప్పకుండా దాటేసిన మాట ఒకటుంది. పట్టుకున్న జంతువు అలా కదలకుండా అయిపోవడం నిద్రా కాదు, నెమ్మదీ కాదు, ప్రాణభయమట. మరి నేను బాపుకు చేసిందేమిటి? అడగకుండా ఉండలేకపోయాను.

"బాపూ, లోపల భయమైందా?"

"కాదా మరి? పానం పోయినంత పనైంది."

"మరి కదలకుండ ఎట్ల పండినవ్?"

బాపు స్కానింగ్ కోసం తీసిన వెండి కడెం చేతికి ఎక్కించుకుంటూ నా వంక చూశాడు. "నీ చెయ్యి గజగజ వణుకుతాంటే నా కాలుకు తెల్వదా? నేను లేస్తే నువ్వు ఏడుస్తవని పండిన."