అమ్మ నడిచిన బస్పా లోయ

నాకు పదకొండేళ్ళప్పుడు... హిమాచల్‌లో, బస్పా నది పక్కన, రక్ఛమ్ అనే ఊరు దాటగానే మా అమ్మ కారు ఆపమంది. దిగి, తలుపు వేసేసింది.

"మీరు పోండి. నేను నడుస్త," అంది.

అమ్మ ఎడమకాలు చిన్నప్పుడే పోలియోతో సన్నబడిపోయింది. అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద చెయ్యి నొక్కిపట్టి, ఒక పక్కకి ఒరిగి నడుస్తుంది. అక్కడినుంచి లోయ చివరి ఊరు ఛిత్కుల్‌కి మామూలువాళ్ళకే సగం రోజు నడక...

అప్పట్లో మేం మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉండేవాళ్ళం. ఆ వేసవి సెలవుల్లో ఇండియా వచ్చి, ట్రాయ్‌లో మా పక్క వీధిలోనే ఉండే రమణ అంకుల్ ఫ్యామిలీతో కలిసి రెండు కార్లలో హిమాలయాలకి బయల్దేరాం. ప్లాన్ అంతా అంకుల్‌దే. ఏ ఊళ్ళో ఎంతసేపు ఆగాలో కూడా ప్రింట్ తీసి తెచ్చారు.

మూడు రోజులుగా అదే వరస. కారు ఆగగానే మేమందరం దిగి పరిగెత్తేవాళ్ళం, అమ్మ మాత్రం బ్యాగులతో కార్‌లోనే. మీరు కూర్చోండి వదినగారూ, ఫొటోలు తీసుకొచ్చి చూపిస్తాం అనేవారు అంకుల్. పాపం, మంచిమనసుతోనే అనేవారు. అమ్మకి అది కొత్త కాదు... స్కూల్లో ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్ళినప్పుడు కూడా టీచర్లు ఆమెని బస్సులోనే ఉంచి వెళ్ళేవాళ్ళట.

కానీ ఆరోజు అమ్మ దిగింది అందుకు మాత్రమే కాదు.

ముందురోజు సాయంత్రం సంగ్లా అనే ఊళ్ళో, హోటల్ ముందు, అంకుల్ వాళ్ళబ్బాయి మా అమ్మలాగే ఒరుగుతూ నడిచి చూపించాడు. నేను నవ్వాను... గట్టిగానే నవ్వాను. తలెత్తితే మెట్ల మీద అమ్మ. నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది.

నాన్న తనూ దిగబోతే అమ్మ వద్దంది. ముందు వెళ్ళి రూమ్ చూడమంది, దార్లో ఎక్కడైనా ఆగి మర్నాటికి వస్తానంది. అంకుల్ వచ్చి గుర్రం మాట్లాడతానన్నారు, టైమ్ లేదన్నారు, ఏదైనా అయితే ఎలా అన్నారు. అమ్మ అన్నీ విని, వెనక సీట్లో ఉన్న నా వైపు చూసింది.

"నువ్వు దిగు. నవ్వింది నువ్వే గదా."

కోపంగా అనలేదు. అందుకే దిగాను.

నాన్న కాసేపు అమ్మ మొహంలోకి చూసి, నీళ్ళ బాటిళ్ళు, స్వెటర్లు, ఒక చద్దరు నా చేతికిచ్చి వెళ్ళిపోయారు.

మొదటి గంట నాకు నరకం. పది అడుగులు నడవడం, అమ్మ కోసం ఆగడం... మళ్ళీ పది, మళ్ళీ ఆగడం. ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం తొందర పడలేదు. దస్తీతో మొహం తుడుచుకుని, నది వైపు చూసి, మళ్ళీ నడిచేది. ఎప్పటినుంచో తెలీదు గానీ, నేనూ చూడ్డం మొదలుపెట్టాను. గులాబీ రంగు పువ్వులతో మెట్లు మెట్లుగా పొలాలు... ఇళ్ళ కప్పుల మీద పరిచిన రాతిపలకలు... చెక్కవంతెన కింద పాలనురుగులా నీళ్ళు...

మధ్యాహ్నం దాటాక, ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఒక ముసలామె గడ్డిగంప వీపున మోసుకుంటూ మా పక్కన కలిసింది. ఆమె నడకా అమ్మ నడకా ఒకటే వేగం. ఆమె సూటిగా, ఆ కాలికేమైంది అని హిందీలో అడిగేసింది. ట్రాయ్‌లో ఎవరూ అడిగేవాళ్ళు కాదు, చూపు తిప్పుకునేవాళ్ళు. అమ్మ తన హైదరాబాద్ హిందీలో కథంతా చెప్పింది. ఇద్దరూ ఎందుకో తెగ నవ్వుకున్నారు.

ఆ సాయంత్రం ఆమె పొలంలోని ఇంట్లోనే ఆగిపోయాం. దార్లో చూసిన ఆ గులాబీ పువ్వుల పంట గింజల పిండితోనే రొట్టెలు కాల్చి, వెన్న వేసి పెట్టింది. మన జొన్నరొట్టె లెక్కనే ఉందని అమ్మ రెండు తింది. తర్వాత ఆమె ఖుర్బానీ పండ్ల గింజల నూనె గిన్నెలో వెచ్చబెట్టి తెచ్చి, అడక్కుండానే అమ్మ కాలు ఒళ్ళో పెట్టుకుని మర్దనా మొదలుపెట్టింది.

అమ్మ కాలు నేను సరిగ్గా చూసింది అప్పుడే. నా చెయ్యంత సన్నంగా ఉంది... మడమ దగ్గర తోలు లేచిపోయి రక్తం. పొద్దుట్నుంచీ ఒక్క మాట చెప్పలేదు.

ముసలామె గిన్నె నా వైపు జరిపింది. నూనె చేతిలో పోసుకుని మోకాలి దగ్గర రాశాను. అమ్మా, సారీ అందామని తలెత్తాను. అమ్మ నా తల మీద చెయ్యి వేసి, "ఇంకొంచెం కిందికి రుద్దు," అంది.

మర్నాడు మధ్యాహ్నానికి ఛిత్కుల్ చేరాం. ఊరి మొదట్లో నాన్న నిలబడి ఉన్నారు, పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నట్టున్నారు. అంకుల్ గడియారం చూసుకుంటూ వచ్చి, మీకోసం ఒక రోజంతా పోయింది వదినగారూ అన్నారు.

"మీకు పోయిందేమో. నాకు దొరికింది," అంది అమ్మ.

ఇప్పుడు నేను ఆష్‌బర్న్ అనే ఊళ్ళో ఉంటున్నాను. అమ్మ కూడా మాతోనే ఉంటుంది, వాకర్ పట్టుకుని. మొన్న ఒక పార్టీలో ఒకావిడ, మీ మదర్ ఎక్కువ నడవలేరేమో, కూర్చోబెట్టేయమంటారా అని నన్నడిగింది. అమ్మనే అడగండి, ఇక్కడే ఉందిగా అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను... సారీ చెప్పలేదు.

ఆ లోయ మొత్తం ఇప్పుడు ఒక్క పూటలో తిరిగి వచ్చేస్తున్నారట. ఫీడ్‌లో రీల్స్ కనిపిస్తుంటాయి, నిమిషం కూడా ఉండవు. పొలాలు అలాగే ఉన్నాయి. దార్లో పలకరించి, ఇంటికి తీసుకెళ్ళి రొట్టె పెట్టే మనిషి మాత్రం ఏ రీల్‌లోనూ కనపడదు... అంత వేగంగా పోయేవాళ్ళకి ఎలా కనపడుతుంది!

మీ ఇళ్ళలోనూ నెమ్మదిగా నడిచినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ గురించి కింద రాయండి... ఎంత పొడుగైనా పర్లేదు, అమ్మకి చదివి వినిపిస్తాను.