కొమరయ్య సర్దార్ అడిగిన నాగాలు

మొన్న వానలో మా ఏన్కూరు రోడ్డు మీద బొగ్గు లారీ ఒకటి టైరు పంచరై ఆగింది. తడిసిన బొగ్గు వాసన వాకిట్లోకి వచ్చింది. ఆ వాసన తెలియనివాళ్లకు చెప్పడం కష్టం. పాత ఇనుము, చెమట, నేల అడుగున నిలవున్న నీళ్లు కలిస్తే వచ్చే వాసన అది. అది ముక్కుకు తగిలితే నాకు ఒక్క మనిషే గుర్తొస్తాడు, కొమరయ్య సర్దార్.

అదే సమయానికి మా అల్లుడు ఫోన్‌లో ఒక వీడియో చూపిస్తున్నాడు. ఎవరో పెద్ద ఉద్యోగి, ఖమ్మంలో రెండు మేడలున్నవాడు, పిల్లలతో గడపడానికి ఉద్యోగానికి రాజీనామా చేశాడట. కుటుంబమా పనా అన్నప్పుడు కుటుంబాన్ని ఎంచుకునే ధైర్యం ఉండాలని చెబుతున్నాడు.

"చూడు మామా, మనిషంటె గిట్లుండాలె" అన్నాడు అల్లుడు.

"ఆయన పని ఇడిసిపెట్టిన తెల్లారి ఇంట్ల పొయ్యి ఎలిగిందా?"

"ఎలగక ఏమైతది మామా? మస్తుగున్నది ఆయనకు."

"మరి దానికి ధైర్యం ఎందుకు బిడ్డా?"

అల్లుడు నవ్వి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ముసలాయనకు మళ్లీ కోపం లేచిందనుకుని ఉంటాడు. లేచిన మాట నిజమే. ఆ పెద్దమనిషి పిల్లల దగ్గర ఉండటం తప్పని నేననను. ఉండాలి కూడా. కానీ దాన్ని ధైర్యమని, అది లేకనే మిగతావాళ్లు పనికి పోతున్నారని అంటే నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పాలంటే కొమరయ్య సర్దార్ గురించి చెప్పాలి.

నేను బడికి పోలేదు. బాయి గేటు దగ్గరి నోటీసు బోర్డు మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. బొగ్గుగనిని మేం బాయి అనే అంటాం. అందులో నేను బదిలీ ఫిల్లర్‌ని, అంటే టబ్బుల్లోకి బొగ్గెత్తే పనిలో సొంత స్థానం లేనివాణ్ణి. పర్మినెంటు మనిషి ఎవరైనా నాగా పెడితే, అంటే పనికి రాకపోతే, ఆ రోజు అతని స్థానంలో నన్ను దింపుతారు. దింపిన రోజుకు ఒక మస్టరు. ఏడాదిలో సరిపడా మస్టర్లు నిండితే పర్మినెంటు, నిండకపోతే జనవరిలో మళ్లీ ఒకటి నుంచి మొదలు. తెల్లవారకముందే గేటు దగ్గర నిలబడి, ఎవరైనా రాకపోతే బాగుండునని ఎదురుచూసే బతుకు అది. సాటి మనిషికి జ్వరం రావాలని కోరుకున్న రోజులు నాకున్నాయి. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

కొమరయ్య మా షిఫ్టు సర్దార్. మనుషులు దిగకముందే లోపలికి పోయి, పైకప్పును కర్రతో కొట్టి చప్పుడు వినేవాడు. గట్టిగా మోగితే రమ్మనేవాడు, బోలుగా మోగితే ఆపేవాడు. పొట్టి మనిషి, తిట్లు బాగా వచ్చు. నాగా పెట్టదలచినవాడు ముందురోజే ఆయనకు చెబితే, ఆ స్థానంలో ఏ బదిలీని దింపాలన్నది ఆయన మాట మీద నడిచేది. ఆ మాటకు ఆయన ఎవరి దగ్గరా ఒక బీడీ అయినా పుచ్చుకోగా నేను చూడలేదు.

ఆ ఏడాది డిసెంబరులో నాకు ఇంకా ఏడు మస్టర్లు కావాలి. ఇరవై రోజులు మిగిలి ఉన్నాయి. నా భార్య కాన్పుకు వెళ్లి పర్ణశాల దగ్గర పుట్టింట్లోనే ఉంది. పాపకు ఏడో నెల. ఒక పొద్దున గేటు దగ్గర బస్సు కండక్టరు నా చేతిలో చీటీ పెట్టాడు. బావమరిది రాసినది. "పాపకు చలిజ్వరం. కండ్లు తేలేస్తున్నది. భద్రాచలం దవాఖానాకు తీస్కపోతున్నం. జల్దీ రా."

అది చదువుతుండగానే క్లర్కు నా పేరు పిలిచాడు. ఎవరో నాగా. నేను చీటీ జేబులో పెట్టుకుని బాయి దిగాను.

ఇది చదివేవాళ్లలో కొందరు, వీడేం తండ్రి అనుకుంటారు. అనుకోండి. మస్టరుకు పిలుపు వస్తే కాళ్లు వాటంతట అవే దిగేవి. రెండు టబ్బులు నింపాను. మూడో దానికి చేతులు ఆడలేదు. కొమరయ్య వచ్చి నా ముఖం మీదికి లైటు వేశాడు.

"ఏందిరా, గట్ల నిలవడ్డవ్?"

చీటీ ఇచ్చాను. టోపీ దీపం వెలుగులో చదివాడు.

"ఇదెప్పుడొచ్చింది?"

"పొద్దుగాల."

"పొద్దుగాల్నా? జేబుల పెట్టుకొని బొగ్గెత్తుతున్నవా? నువ్వు మనిషివేనా?"

"ఏడు మస్టర్లు తక్కువున్నయి సర్దార్. ఇయ్యాల పోతె..."

"నీ మస్టర్ల బొంద పెట్ట! ఎక్కు పైకి. నడువ్!"

ఆ రోజు మస్టరు పోయింది. మధ్యాహ్నం బస్సెక్కి, చీకటి పడే వేళకు భద్రాచలం చేరాను.

మెదడుకు ఎక్కిన మలేరియా అన్నారు. రెండు రోజులు గడిస్తే గాని చెప్పలేమన్నారు. దవాఖానాలో మంచాలు చాలక వరండాలో చాప మీద ఉన్నాం. నేను ఒక చేత్తో పాప నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ, రెండో చేతి వేళ్ల మీద రోజులు లెక్కపెడుతున్నాను. నా భార్య చూసింది.

"ఏం లెక్కవెడుతున్నవ్?"

"ఏం లేదు."

"నాకు దెల్వదా? నువ్వు బాయికే పో. కండ్లు దెరిస్తె నన్నే సూస్తదిలే."

వేళ్లు ముడుచుకున్నాను. పదకొండు రోజులు అక్కడే ఉన్నాను. ఉండటాన్ని నేను ఎంచుకున్నానని ఎవరైనా అంటే ఆ వీడియో పెద్దమనిషి గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. నేను దేన్నీ ఎంచుకోలేదు. పర్మినెంటు పోయిందని మనసులో నీళ్లు వదులుకున్నాను, అంతే. ఇంకో ఏడాది గేటు, ఇంకో ఏడాది అప్పుడింత ఇప్పుడింత తిండి. పాప నాలుగో రోజు కళ్లు తెరిచింది. పదో రోజు పాలకు ఏడ్చింది.

తిరిగి వచ్చేసరికి తొమ్మిది రోజులున్నాయి. ఆదివారం పోతే ఎనిమిది. వారానికి మూడు పిలుపులొస్తే గొప్ప. అయినా అలవాటు కొద్దీ గేటు దగ్గర నిలబడ్డాను.

"పోరి ఎట్లున్నది?" అన్నాడు కొమరయ్య.

"మంచిగున్నది సర్దార్."

"అయితె ఇగ ముఖం గట్ల వెట్టకు. రేపట్నుంచి రోజు రా, తప్పకు."

మర్నాడు క్లర్కు "ఎల్లయ్య నాగా" అన్నాడు, నా పేరు పిలిచాడు. ఆ మర్నాడు "ఓదెలు నాగా" అన్నాడు, మళ్లీ నా పేరే. మూడో రోజు రాజమల్లు. నాకు అనుమానం వచ్చింది. రాజమల్లు కాలు విరిగినా కుంటుకుంటూ వచ్చే మనిషి. సాయంత్రం వాళ్ల క్వార్టరుకు పోతే, గోడకు సున్నం వేస్తూ కనబడ్డాడు.

"ఏమైంది రాజమల్లన్నా, పానం బాగలేదా?"

"నా పానానికేమైందిరా? సర్దారు రాత్రొచ్చి ఇంటిముంగట కూసున్నడు. నాగా ఇస్తె గని లేవడట. మా ఆడామె చాయ్ పోసి పోసి అలిసిపోయింది."

ఏడు ఇళ్లు తిరిగాడు కొమరయ్య. ఏడుగురు ఒక్కో రోజు కూలి వదులుకుని ఇంట్లో కూర్చున్నారు. వాళ్లలో ఎవరికీ మేడలు లేవు. మిగతా బదిలీలు చూస్తూ ఊరుకున్నారు, రేపు తమకూ ఇలాంటి అవసరం పడొచ్చని వాళ్లకు తెలుసు. ఏడాది ఆఖరు రోజుకు నా మస్టర్లు నిండాయి. కొమరయ్యకు దండం పెట్టబోతే చేయి తోసేశాడు.

"నాకెందుకురా? నా నాగాల నువ్వు దిగరాదు, నా పనికి నీకు సర్టిఫికెట్ లేదు. నేనిచ్చింది ఏమున్నది, నోరు నొచ్చింది గంతే."

కథ ఇక్కడితో ఆపితే నేను మంచివాడిగా మిగులుతాను. కానీ ఇంకొకటి ఉంది.

అయిదారేళ్ల తర్వాత, డిసెంబరులోనే, ఆయన మా క్వార్టరుకు వచ్చాడు. సత్తయ్య అనే బదిలీ తండ్రిని వరంగల్ దవాఖానాలో పెట్టుకుని పది రోజులు పోగొట్టుకున్నాడు. "ఎల్లుండి ఒక్క రోజు నాగా పెట్టు" అన్నాడు కొమరయ్య. అప్పటికి నేను పర్మినెంటు. వచ్చే నెల వేంసూరులో మరదలి పెళ్లి ఉంది, దానికి నాలుగు రోజుల కూలి ఎలాగూ పోతుంది, ఇంకో రోజు ఎందుకనుకున్నాను.

"ఈసారికి వేరేటోళ్లను అడుగు సర్దార్. నాది కుదరదు" అన్నాను.

"సరే" అన్నాడు. గుమ్మంలో చెప్పులు తొడుక్కుని పక్క క్వార్టరు తలుపు తట్టాడు. ఏడు ఇళ్ల సంగతి ఎత్తలేదు. ఒక్క మాట తిట్టలేదు. అంత తిట్టే మనిషి తిట్టకుండా పోవడం నాకు ఇప్పటికీ అర్థమయ్యీ కానట్టుంటుంది. సత్తయ్యకు ఆ ఏడాది ఒక్క మస్టరు తగ్గింది. మరో ఏడాది గేటు దగ్గర నిలబడ్డాడు.

కొమరయ్య నాలుగేళ్ల కింద చనిపోయాడు. దహనానికి పోయినవాళ్లలో సత్తయ్యా ఉన్నాడు. తిరిగి వస్తూ రోడ్డు పక్క చాయ్ కొట్టు దగ్గర ఆగాం. చెప్పకుండా ఉండలేకపోయాను.

"సత్తయ్యా, ఆ ఏడు నీకు తగ్గిన మస్టరు నాదే. సర్దార్ వచ్చి అడిగితె లేదన్న."

"ఎరికే అన్నా" అన్నాడు, చాయ్ ఊదుకుంటూ.

"సర్దార్ చెప్పిండా?"

"ఆయనెందుకు చెప్తడు? ఎవరి జాగల దిగుతున్నమో క్లర్కు మొత్తుకొని పిలుస్తడు గద. నాకు నాగా ఇచ్చినోళ్లు నాకు తెల్వరా?"

గ్లాసు పక్కన పెట్టి వేళ్ల మీద వరసగా చెప్పాడు. పోశం, కనకయ్య, పెద్ద రాములు, చిన్న రాములు, భద్రయ్య. ఒక్కో పేరు దగ్గరా ఒక్క క్షణం ఆగాడు. అయిదు వేళ్లూ ముడిచాక నా వైపు చూడకుండా గ్లాసు అందుకున్నాడు.

చాయ్ పైసలు నేనిస్తానంటే ఇవ్వనివ్వలేదు.