చున్‌సిక్ గింకో కషాయం

గోసాన్ కొండల్లోని ఆ ఊళ్లో మేంగ్ చున్‌సిక్ ఇంటికి దారి ఎవర్నీ అడగక్కర్లేదు, ముక్కే తీసుకెళ్తుంది. ఏ కాలంలో వెళ్లినా ఆ పెరట్లో ఏదో ఒకటి ఉడుకుతూనో కుళ్లుతూనో ఉంటుంది. దుకాణంలో కొన్న పురుగుమందు పొలంలో చల్లనని ఆయన ఒట్టు పెట్టుకుని చాలా ఏళ్లయింది. వెల్లుల్లి కషాయం చల్లిన ఏడు పేనుబంక రెట్టింపైంది. మిరప కషాయం చల్లిన ఏడు గాలి ఎదురు తిరిగింది. పురుగులు బాగానే ఉన్నాయి, ఈయన కళ్లే వాచి మూసుకుపోయాయి.

భార్య హ్వాజా ఇవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే. కిందటేడు చలికాలానికి క్యాబేజీ ఊరబెట్టి కిమ్చీ పచ్చడి పెట్టే రోజు, ఆడవాళ్లందరూ చుట్టూ కూర్చుని ఉండగా క్యాబేజీ విప్పితే ఆకు జల్లెడలా ఉంది. ఆడబిడ్డ ఓ ఆకును ఎత్తి పట్టుకుని, చిల్లుల్లోంచి హ్వాజాను చూసింది.

అందుకే ఈ ఏడు నారు నాటుతున్నప్పుడే తేల్చి చెప్పేసింది. "ఈసారీ ఇంతే అయితే గుక్ వాళ్ల క్యాబేజీ కొంటాను. బండి మీద వేసుకుని ఊరి మధ్య నుంచి నువ్వే లాక్కురావాలి, హీజున్ నాన్నా."

గుక్ బ్యోంగ్‌హోది పక్క పొలం. దుకాణం మందే కొడతాడు. వాడి క్యాబేజీ తన బండిలో ఊరేగడం కన్నా చావు నయమనుకున్నాడు చున్‌సిక్.

ఆయన దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. కిందటి శరత్తులో రోడ్డు మీద రాలిన గింకో చెట్ల పళ్లు ఏరి, ఉడికించి, వడకట్టి దాచాడు. ఆ పళ్ల కంపు ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఎరగనివాళ్లు అదృష్టవంతులు. రసం తగిలితే చర్మం దద్దుర్లెక్కుతుంది. నెత్తళ్లనే చిన్న చేపల రసం అయిపోయిన పాత క్యానులో దాన్ని పోసి కొట్టంలో పెట్టాడు.

అదే కొట్టంలో హ్వాజా కూడా ఒకటి దాచింది. ఉప్పులో ఏళ్ల తరబడి ఊరిన నెత్తళ్ల రసం, కిమ్చీకి ప్రాణం. ఆడబిడ్డ వచ్చినప్పుడల్లా సీసా నింపుకుపోతోందని, ఎవరూ ముక్కు దూర్చని చోటని అక్కడ పెట్టింది. అదే రకం క్యాను, అదే గోధుమరంగు, కంపులో కూడా ఒకదానికొకటి తీసిపోవు. పైగా ఏళ్ల తరబడి కషాయాలు కాచి కాచి చున్‌సిక్ ముక్కు ఎప్పుడో పనిచేయడం మానేసింది.

ఆయన రోజూ వీపున డబ్బా తగిలించుకుని, క్యానులోది ఓ చెంబుడు నీళ్లలో కలిపి చల్లాడు. ఇంకా కదులుతున్న పురుగులు కనిపిస్తే, మందుకు సొమ్మసిల్లాయని సంబరపడి చాప్‌స్టిక్‌లతో ఏరి వేరే డబ్బాలో వేశాడు. క్యాబేజీలు బిగిశాయి, నిగనిగలాడాయి. ఊళ్లో పిల్లులన్నీ వచ్చి సాళ్ల మధ్య మకాం వేశాయి. ఆ ఘాటుకు ఎలుకలు బయటపడుతున్నాయి కాబోలని చున్‌సిక్ అందరికీ వివరించాడు.

గుక్ కంచె దగ్గరికి వచ్చి ఆ క్యాబేజీల్ని ఒక్కొక్కటే చూశాడు. "ఏం కొడుతున్నావన్నా?" అని చివరికి నోరు విడిచి అడిగాడు. చున్‌సిక్ ఒక పూటంతా ఊరించి, గింకో అని చెప్పాడు.

కిమ్చీ పెట్టే రోజు వచ్చింది. ఉప్పులో ఊరిన క్యాబేజీలు దొంతరగా పేర్చారు. ఆడబిడ్డ ఒక్కో ఆకూ తిప్పి చూసింది, అనడానికేమీ దొరకలేదు. హ్వాజా గెలిచిన ముఖంతో కొట్టంలోకి వెళ్లి నిండు క్యాను తెచ్చి, కారంలో పోసేముందు వేలితో నాలుకకు రాసుకుంది.

ఉమ్మేసి, నోరు కడుక్కుని వచ్చాక ఆమె అడిగింది ఒక్కటే. "నువ్వు చల్లింది ఏ క్యానులోది?"

చున్‌సిక్ ఖాళీ క్యాను తెచ్చి చూపించాడు. అడుగున నెత్తళ్ల ముళ్లు గలగలమన్నాయి.

"అయినా పురుగులు చచ్చాయి కదే," అన్నాడు.

"చచ్చింది నీ చాప్‌స్టిక్‌లకి," అంది హ్వాజా. కారం ఎండిపోతోంది, ఆడబిడ్డ నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుంది. నెత్తళ్ల రసం అప్పివ్వగలిగేది గుక్ వాళ్ల ఇల్లొక్కటే.

ఖాళీ క్యాను బండి మీద పెట్టుకుని చున్‌సిక్ ఊరి మధ్య నుంచి వెళ్లాడు. పిల్లులు వెంట నడిచాయి. గుక్ గుమ్మంలో కూర్చుని, మోచేతుల దాకా లేచిన దద్దుర్లు గోక్కుంటున్నాడు. వెనక పొయ్యి మీద గింకో పళ్లు ఉడుకుతున్నాయి.

"మీ ఇంట్లో నెత్తళ్ల రసం ఎప్పుడూ నిండుగా ఉండేది కదన్నా, ఏమైంది?" అన్నాడు గుక్, ఖాళీ క్యాను చూసి.

"క్యాబేజీలు తాగేశాయి," అన్నాడు చున్‌సిక్.

గుక్ బండి వెనకున్న పిల్లుల్ని చూశాడు. తర్వాత పొయ్యి మీది కుండను చూశాడు. గోక్కోవడం ఆపేశాడు.